సముద్రం దగ్గర పాత ఇల్లు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇలా చూడండి

విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ముప్పై నలభై ఏళ్ల నాటి ఇల్లు బేరానికి వచ్చింది, కొనవచ్చా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారిలో చాలామంది దస్తావేజులు చూపించుకుని ఉంటారు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి ఉంటారు, వాస్తు కూడా అడిగి ఉంటారు. ఇంటిని మాత్రం ఓ అరగంట తిరిగి చూసి, కొత్తగా వేసిన రంగుకు మురిసి వచ్చేస్తారు. ఈ వ్యాసం ఆ అరగంటను ఒక పూటగా మార్చడానికి. కాగితాల సంగతి ఇక్కడ లేదు, అది వకీలు పని.

ముందే ఒక మాట. కోస్తాలో పాత ఇంటికి చెమ్మ ఉండటం వింత కాదు. ఉందా లేదా అని చూసి ఊరుకుంటే లాభం లేదు, ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. డాబా మీద నుంచి దిగుతోందా, పునాది నుంచి పైకి ఎక్కుతోందా, గొట్టం కారుతోందా, పక్కింటి బాత్రూము గోడ నుంచి వస్తోందా, లేక గాలిలోని తేమ చల్లని గోడకు పడుతోందా? వీటికయ్యే ఖర్చుల్లో పోలికే ఉండదు. ఒకటి మేస్త్రి రెండు రోజుల పని, మరొకటి ఇల్లు వదిలేయాల్సినంత పెద్ద సమస్య.

వెంట తీసుకెళ్లాల్సినవి

- మంచి టార్చిలైటు. ఫోను లైటు చాలదు.
- చిన్న సుత్తి, సన్నని స్క్రూడ్రైవర్.
- కొలత టేపు, పెన్సిలు, నోటుబుక్కు.
- తాపీ మేస్త్రులు వాడే లెవెల్ పైపు (నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టం).
- అల్యూమినియం ఫాయిల్, వెడల్పాటి టేపు.
- ఒక గోళీ, నేల వాలు చూడటానికి.
- నిచ్చెన. ఆ ఇంట్లో ఉంటుందో లేదో ముందే ఫోన్లో అడగండి.
- పాడైనా ఫరవాలేని బట్టలు. తెల్ల చొక్కాతో వెళ్లినవారు అటక ఎక్కరు.

ఆన్‌లైన్లో దొరికే చవక తేమ మీటరు కొనవచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు. అలాంటి వాటిలో ఎక్కువ భాగం కలప కోసం తయారైనవి. గోడలో ఉప్పు ఉంటే పొడిగా ఉన్నా తడి ఉన్నట్టే అంకె చూపిస్తాయి, కోస్తా గోడల్లోనేమో ఉప్పుకు కొదవ ఉండదు. ఒకే గోడ మీద రెండు చోట్ల పోల్చి చూడటానికి మాత్రం పనికొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

గట్టి వాన పడిన మర్నాడు. మన తీరంలో జూన్ నుంచి డిసెంబరు వరకు రెండు రుతుపవనాల వానలూ పడతాయి కాబట్టి అవకాశం దొరక్కపోదు. అక్టోబరు, నవంబరు అయితే మరీ మంచిది. బ్రోకర్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇళ్లు చూపించడానికి ఉబలాటపడతారు. అప్పుడు గోడలన్నీ బుద్ధిగా ఉంటాయి. వేసవిలోనే చూడాల్సి వస్తే మరకలు, ఉప్పు పొర, ఉబ్బిన పెయింటు ఆధారంగా లెక్క వేయాలి, వీలైతే వానాకాలం దాకా అడ్వాన్సు ఆపాలి.

వెళ్లే ముందు రోజు యజమానికి ఫోను చేసి, బీరువాలు, మంచాలు గోడ నుంచి రెండడుగులు జరిపించమనండి. మొహమాటపడకండి. చెమ్మ ఉన్న గోడకే బీరువా ఆనించి ఉంటుంది.

1. ముందు యజమానిని అడగండి

ఇల్లు ఏ సంవత్సరం కట్టారు? పై అంతస్తు అప్పుడే వేశారా, తర్వాతా? ఒక అంతస్తుకు వేసిన పునాది మీద పదిహేనేళ్ల తర్వాత మరో రెండు లేపిన ఇళ్లు మన ఊళ్లలో వీధికి నాలుగు కనిపిస్తాయి. ఇసుక ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ నీళ్లతో కట్టారు? ఉప్పు బావి నీళ్లతో కాంక్రీటు కలిపి, ఆ నీళ్లతోనే తడిపి ఉంటే లోపలి ఇనుముకు మొదటి రోజు నుంచే తుప్పు బీజం పడినట్టు. సముద్రపు ఇసుక వాడినా అంతే.

విశాఖ, విజయనగరం వైపు అయితే 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తర్వాత ఏమేం బాగు చేయించారని అడగండి. శ్రీకాకుళం వైపు 2018 అక్టోబరు నాటి తిత్లీ గురించి అడగండి. "ఏమీ కాలేదు" అంటే ఆనందమే, కానీ పైకప్పు దగ్గర కొత్త చువ్వలు, కొత్త రేకులు ఉన్నాయేమో మీరే చూడండి. రంగు ఎప్పుడు వేశారు, ఇల్లు ఎన్నాళ్లుగా తాళం వేసి ఉంది అన్నవి కూడా రాసుకోండి. ఏడాదిగా మూసి ఉన్న ఇంట్లో బూజు వాసన సహజం, నిన్నటిదాకా కాపురం ఉన్న ఇంట్లో అదే వాసన వస్తే ఆలోచించాలి. అడుగుపెట్టగానే అగరొత్తులో, కలరా ఉండలో గుప్పుమంటే ఇంకాస్త ఆలోచించాలి.

2. గేటు దగ్గరే నిలబడి నేల మట్టం చూడండి

దీన్ని దాదాపు ఎవరూ చూడరు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మరో పొర వేయడం మనకు అలవాటు. ముప్పై ఏళ్లలో రోడ్డు పెరుగుతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది.

లెవెల్ పైపు ఒక కొసను రోడ్డు మధ్యలో, రెండో కొసను గుమ్మం దగ్గర పట్టుకుని తేడా కొలవండి. హాలు నేల రోడ్డు కంటే కనీసం అడుగున్నర ఎత్తులో ఉంటే ఫరవాలేదు. సమానంగా ఉన్నా, కిందికి ఉన్నా వాన నీరు ఇంట్లోకి రావడం ఒక్కటే కాదు, పునాది చుట్టూ మట్టి ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది. ఇల్లు ఎత్తించే జాకీ పనులు చేసేవారు ఉన్నారు కానీ, పాత సున్నపు గోడల ఇంటికి అది నేను చెప్పే సలహా కాదు.

ప్రహరీ గోడ లోపలి వైపు అడ్డంగా బురద గీత కనిపిస్తే నీళ్లు అంతవరకు నిలిచాయని అర్థం. ఎదురింటివాళ్లను అడిగితే నిజం చెబుతారు. వాళ్లకు అమ్మకంతో పని లేదు.

3. డాబా ఎక్కండి

వాన వెలిసిన మర్నాడు కూడా నీళ్లు నిలిచి ఉన్న చోట్లకు పెన్సిలుతో గీత గీసి ఫోటో తీయండి. ఆ చోటు కింద ఏ గది వస్తుందో గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అక్కడ తల ఎత్తి చూడాలి. నీళ్లు పోయే తూముల నోళ్లు, పిట్టగోడ డాబాను కలిసే మూల, నీళ్ల ట్యాంకు దిమ్మెల చుట్టూ, మెట్ల గది గోడ అడుగు: కారడం మొదలయ్యే చోట్లు ఈ నాలుగే. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క ఉంటే కొమ్మ తుంచి ఊరుకోవడం వల్ల ఉపయోగం లేదు. వేరు గోడలో ఎంత దూరం వెళ్లిందో మేస్త్రితో చూపించుకోవాలి.

అనుమానం ఉంటే, యజమాని ఒప్పుకుంటే నీళ్లు నిలిపి చూడవచ్చు. తూములకు గుడ్డ కట్టి, డాబా మీద అంగుళం ఎత్తున నీళ్లు పెట్టి రెండు రోజులు ఉంచి, కింద కొత్త మచ్చలు వస్తున్నాయేమో చూడటమే ఈ పరీక్ష.

*జాగ్రత్త:* అంగుళం నీరంటే చదరపు మీటరుకు పాతిక కిలోల బరువు. కింద శ్లాబు పెచ్చులూడి ఉంటే ఈ పరీక్ష పొరపాటున కూడా చేయవద్దు. కాబట్టి 4వ మెట్టు చూశాకే దీని సంగతి.

4. శ్లాబును కింది నుంచి చూడండి, కొట్టి వినండి

పూటంతా లేకపోయినా, ఉన్న సమయంలో సగం దీనికి కేటాయించండి. రంగు, గచ్చు, కిటికీలు, కరెంటు అన్నీ మార్చుకోవచ్చు. శ్లాబులో ఇనుము పోతే ఆ ఇంట్లో మీరు కొంటున్నది స్థలం మాత్రమే.

జరిగేది ఇది. మంచి కాంక్రీటు క్షారగుణంతో ఉంటుంది, ఆ గుణమే లోపలి చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కాలం గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు వల్ల ఆ గుణం పైపొర నుంచి లోపలికి తగ్గుతూ పోతుంది. తీరంలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. పెచ్చు ఊడిందంటే తుప్పు నిన్న మొదలైంది కాదు.

పాత ఇళ్లకు ఇది ఎందుకు ఎక్కువంటే, 1978 నాటి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణం) ప్రకారం మామూలు శ్లాబులో చువ్వ కింద 15 మి.మీ. కాంక్రీటు కవరు (చువ్వను కప్పే పొర) ఉంటే సరిపోయేది. అదే ప్రమాణం 2000లో మారాక, సముద్ర తీరపు వాతావరణానికి 45 మి.మీ. కావాలంది. అంటే 1985లో నియమం తప్పకుండా కట్టిన ఇంటికి కూడా నేడు కోరే దానిలో మూడో వంతు రక్షణే ఉండవచ్చు. మేస్త్రి చువ్వల కింద రాతి ముక్కలు పెట్టి సరిపెట్టి ఉంటే ఆ మాత్రం కూడా ఉండదు.

చూడాల్సిన పద్ధతి:

ఎ) టార్చిని పైకి కాకుండా శ్లాబుకు వాలుగా, పక్క నుంచి వేయండి. ఎగుడుదిగుళ్లు, ఉబ్బులు, పుట్టీ పెట్టి సరిచేసిన అతుకులు నీడలుగా బయటపడతాయి.

బి) నిచ్చెన ఎక్కి సుత్తితో మెల్లగా అడుగుకొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట 'టంగ్' అని మోగుతుంది, డొల్ల చోట 'డప్' మని చప్పబడుతుంది. డొల్ల వచ్చిన చోట పెన్సిలుతో చుట్టూ గీయండి. పని పూర్తయ్యాక గీతలు చూస్తే శ్లాబు జాతకం మీ ముందుంటుంది. ఒకటి రెండు చోట్ల అరచేయంత డొల్ల ఉంటే మరమ్మతు. గది పొడవునా వరుసగా ఉంటే వేరే కథ. *జాగ్రత్త:* తల పైన నేరుగా తట్టవద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఊడే పెచ్చు అరచేతిలో పట్టేంతే ఉన్నా తల పగలగొట్టగలదు.

సి) బీముల అడుగు అంచులు చూడండి. అంచుకు సమాంతరంగా, చువ్వ ఉండే చోటనే నిడుపాటి పగులు, దాని వెంట గోధుమ రంగు మరక ఉంటే అది తుప్పు పగులు, దాని చివర పెన్సిలుతో గుర్తు పెట్టండి. ప్లాస్టరింగ్‌లో సాలెగూడులా కనిపించే సన్నని పగుళ్లకు భయపడనక్కర్లేదు. గోడను శ్లాబు కలిసే చోట అడ్డంగా వచ్చే సన్నని గీత కూడా ఎక్కువగా ఎండకు శ్లాబు సాగడం వల్ల వచ్చేదే.

డి) సన్‌షేడ్లు, బాల్కనీలు. వీటికి గోడ ఒకవైపే ఆధారం కాబట్టి, బరువు మోసే చువ్వలు పైభాగంలో ఉంటాయి. కింద నిలబడి "బాగానే ఉంది" అనుకుంటే సరిపోదు. పైకి వెళ్లి, గోడను కలిసే చోట పైముఖంలో పగులు ఉందేమో, అక్కడ నీళ్లు నిలుస్తున్నాయేమో చూడాలి. పగులు ఉన్న బాల్కనీ మీద నిలబడవద్దు. చూపించేవారిని కూడా నిలబడనివ్వవద్దు.

ఇ) బాత్రూము, వంటగది శ్లాబులను వదలకండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించండి. "అందంగా ఉంది కదా, ఎందుకు తీయడం" అంటే, అందుకే తీయించాలి.

ఇక్కడ జనం చేసే పెద్ద పొరపాటు, పెచ్చులూడిన చోట తుప్పు గీకకుండా సిమెంటు పూసి రంగు వేస్తే బాగైపోయిందని నమ్మడం. లోపల తుప్పు ఆగదు, ఏడాది రెండేళ్లలో ఆ పూత కూడా ఊడి పడుతుంది. అసలు పని అంటే చువ్వ వెనక దాకా కాంక్రీటు కొట్టి, తుప్పు పూర్తిగా తీసి, మందం తగ్గిన చోట కొత్త చువ్వ కట్టి, పాలిమర్ కలిపిన గట్టి మోర్టార్‌తో పూడ్చడం. యజమాని "మరమ్మతు చేయించాం" అంటే ఏ పద్ధతిలో చేయించారో అడగండి.

5. గోడల చెమ్మ: దాని ఆకారమే దాని చిరునామా

- నేల నుంచి మూడు నాలుగు అడుగుల దాకా, పైఅంచు అలలు అలలుగా, అంచున తెల్లని ఉప్పు: పునాది నుంచి ఎక్కుతున్న నెమ్ము. పాత ఇళ్లలో డీపీసీ పొర (పునాది తడి గోడలోకి ఎక్కకుండా వేసే అడ్డుపొర) ఉండకపోవచ్చు, ఉన్నా తర్వాత ఎత్తు చేసిన వరండా మట్టి దాన్ని దాటి ఉండవచ్చు.
- పై మూలలో గోధుమ రంగు అంచుతో మచ్చ: డాబా.
- గోడ మధ్యలో ఒకేచోట, వానతో సంబంధం లేకుండా: గొట్టం.
- సముద్రం వైపు లేదా వాన కొట్టే వైపు గోడ అంతా, కిటికీ కింద ఎక్కువగా: బయటి పూతలో పగుళ్లు, కిటికీ పలకకు వాలు లేకపోవడం.
- అలమారా వెనక, మూలల్లో చుక్కలు చుక్కలుగా నల్లటి బూజు: ఎక్కువగా గాలిలోని తేమ. గాలి ఆడకపోతే ఇది వస్తుంది.

ఆఖరి దానికీ మిగతావాటికీ తేడా తెలియకపోతే ఫాయిల్ పరీక్ష చేయండి. గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు చదరం ఫాయిల్‌ను నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. తీసేటప్పుడు గది వైపు ముఖం తడిగా ఉంటే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే చాలావరకు తీరుతుంది. గోడ వైపు ముఖం తడిగా ఉంటే నీరు గోడ లోపలి నుంచి వస్తోంది. రెండు వైపులా తడి ఉంటే రెండు సమస్యలూ ఉన్నట్టే. కనీసం రెండు చోట్ల చేయండి: ఒకటి అనుమానం ఉన్న చోట, ఒకటి అదే గదిలో బాగున్న చోట. ఒక్కచోటే చేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇల్లు సున్నంతో కట్టినదైతే (అరవై ఏళ్లు దాటిన ఇళ్లలో మామూలే) ఒక ప్రత్యేకమైన పొరపాటు కనిపిస్తుంది. నెమ్ము ఎక్కుతోందని ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, దాని మీద మెరిసే ఎమల్షన్ వేసి ఉంటారు. సున్నపు గోడ తడిని పీల్చుకున్నా, మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి ఇంకా పైకి ఎక్కి, మొదట మూడడుగులున్న మచ్చ ఆరడుగులవుతుంది. ఇలాంటి గోడకు పరిష్కారం మరో వాటర్‌ప్రూఫ్ పూత కాదు, ఉన్న సిమెంటు తీసి మళ్లీ సున్నపు పూత వేయడం. ఆ పని తెలిసిన మేస్త్రులు ఇప్పుడు తక్కువ కాబట్టి, దొరుకుతారో లేదో కొనే ముందే కనుక్కోండి.

నడుము ఎత్తు దాకా టైల్సు, చెక్క పలకలు, పీవీసీ షీట్లు అంటించిన గోడ కనిపిస్తే అందం కోసమే వేశారని వెంటనే అనుకోకండి. ఆ గోడకు బయటి వైపు వెళ్లి చూడండి. టైల్సును వేలితో తట్టినా డొల్ల తెలుస్తుంది.

6. కలప, చెదలు

ద్వారబంధాలు నేలను తాకే చోట స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా నొక్కండి. మంచి టేకు లొంగదు. పైన పెయింటు నిగనిగలాడుతూ లోపలికి కొన దిగిపోతే చెదలు తినేశాయి. గోడల మీద పెన్సిలంత మందాన మట్టి గొట్టాలు, అటక మూలలు, మీటరు బోర్డు చెక్క, మెట్ల కింది గది, పాత పుస్తకాల దొంతరలు వెతకండి. మట్టి గొట్టాన్ని కొంచెం విరిచి వదిలేయండి, రెండోసారి వచ్చినప్పుడు అతికి ఉంటే చెదలు ఇంకా బతికే ఉన్నాయి. చెక్క కింద సన్నని పిండి రాలి ఉంటే అది చెదలు కాదు, కలపను తొలిచే మరో పురుగు. దానికి మందు వేరు.

గోడ నేలను కలిసే చోట అడుగుకొకటి చొప్పున పూడ్చిన చిన్న రంధ్రాలు కనిపిస్తే గతంలో చెదల మందు కొట్టించారన్నమాట. మంచిదే. ఎప్పుడు, ఎందుకు కొట్టించారో రశీదు అడగండి.

7. బంగాళా పెంకుల ఇల్లయితే

మధ్యాహ్నం అటక ఎక్కి లైటు ఆర్పేయండి. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా నీళ్లు వస్తాయి. దూలాల కొసలు గోడలోకి దిగే చోటే మొదట కుళ్లుతాయి, అక్కడ స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి. బయట నిలబడి కప్పు వెన్నును చూస్తే మధ్యలో కుంగి ఉందో లేదో తెలుస్తుంది. తుపాను తర్వాత పెంకుల బదులు సిమెంటు రేకులు వేసి ఉంటే, పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉంటుంది. వాటిని పగలగొట్టించడం, పొడిగా రంధ్రాలు చేయించడం వద్దు.

8. నీళ్లు, గొట్టాలు

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పండి. మొదట ఎర్రటి నీళ్లు వచ్చి, ధార సన్నగా ఉంటే జీఐ గొట్టాలు (జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు) లోపల తుప్పుతో మూసుకుపోయాయి, మొత్తం మార్చాలి. బాత్రూములో నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించి, పది నిమిషాల తర్వాత అవతలి గోడ, కింది శ్లాబు తడిమి చూడండి. గోళీ వదిలి అది జాలీ వైపు దొర్లుతుందో, గుమ్మం వైపు వస్తుందో గమనించండి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గొయ్యి ఎక్కడున్నాయో తెలుసుకోండి. ఇంకుడు గొయ్యికీ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలంటారు. పాత చిన్న స్థలాల్లో అది సాధ్యం కాదు కాబట్టి బావి నీళ్లు తాగే ఉద్దేశం ఉంటే పరీక్ష చేయించండి. అదే పరీక్షలో ఉప్పు శాతమూ తెలుస్తుంది.

9. కరెంటు

ఇది త్వరగా తేలిపోతుంది. బోర్డులో పింగాణీ ఫ్యూజులు, గోడ మీద చెక్క పట్టీల్లో వైర్లు ఉంటే మొత్తం వైరింగ్ మార్చాలని లెక్కలో రాసుకోండి. తడి గోడలోని పాత వైరుతో బేరాలు లేవు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కండి, పడిపోవాలి. స్విచ్చు బోర్డు ముట్టుకుంటే చురుక్కుమంటే వెంటనే మెయిన్ ఆపించి బయటికి రండి. మిగతాది మెగ్గరుతో (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఎలక్ట్రీషియన్ చూస్తాడు.

10. ఎప్పుడు ఇంజినీరును పిలవాలి

4వ మెట్టులో పెన్సిలు గీతలు రెండు గదులకు మించి ఉన్నా, ఏ బీములోనైనా తుప్పు పగులు కనిపించినా మీ చూపు చాలదు. బ్యాంకు తరఫున వచ్చే వాల్యూయర్ ఇంటి ధర చూస్తాడు, శ్లాబు ఆరోగ్యం కాదు. ఆ నివేదిక వచ్చిందని ఊరుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరును మీరే పెట్టుకోండి. చాలా ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు కూడా రుసుము తీసుకుని ఈ పరీక్షలు చేస్తాయి.

రీబౌండ్ హ్యామర్ ఒక్కటి కొట్టి నివేదిక ఇస్తానంటే ఒప్పుకోకండి. అది పైపొర గట్టితనం చెబుతుంది, తుప్పు సంగతి చెప్పదు. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లి చూసే పరీక్ష అడగండి. గులాబీ రంగు వస్తే క్షారగుణం ఉన్నట్టు, రంగు రాని లోతు చువ్వ దాకా చేరితే రక్షణ పోయినట్టు. అయితే తీరంలో గులాబీ రంగు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. ఉప్పు చేరిన కాంక్రీటు క్షారగుణం ఉండగానే ఇనుమును తినేస్తుంది. అందుకే క్లోరైడు పరీక్ష (కాంక్రీటులో ఉప్పు ఎంత చేరిందో చెప్పేది), హాఫ్ సెల్ పరీక్ష (లోపలి చువ్వకు తుప్పు పడుతోందేమో అంచనా వేసేది) కూడా చేయించాలి.

విదేశాల్లో ఉండి బంధువుల చేత వీడియో కాల్లో ఇల్లు చూసేవారికి ఒక సూచన. వీడియోలో చెమ్మ కనిపించదు, వాసన రాదు, డొల్ల వినిపించదు. బావగారిని ఇబ్బంది పెట్టకుండా ఈ మెట్టుకే నేరుగా డబ్బు పెట్టండి.

11. కొనాలా, మానాలా

కనిపించిన వాటిని మూడు వరుసల్లో రాయండి. మొదటిది మామూలు ఖర్చు: వైరింగ్, గొట్టాలు, చెదల మందు, డాబా వాటర్‌ప్రూఫింగ్. ఇవి ఉన్నాయని ఇల్లు మానుకోనక్కర్లేదు, మేస్త్రితో రాయించిన అంచనా బేరంలో బల్ల మీద పెట్టండి. రెండోది కష్టమైనా తీరేవి: నెమ్ము ఎక్కే గోడలు, ఒకటి రెండు గదుల శ్లాబు మరమ్మతు. వీటికి మేస్త్రి చెప్పిన ఖర్చు మీద మరో సగం వేసుకోండి, పాత ఇంట్లో గోడ తవ్వాకే అసలు సంగతి తెలుస్తుంది. మూడోది: పిల్లర్లలో, ముఖ్యమైన బీముల్లో తుప్పు, ఇల్లంతా డొల్ల శ్లాబు, రోడ్డు కంటే కిందికున్న నేల. ఇందులో ఒక్కటి ఉన్నా స్థలం ధరలోంచి కూల్చివేత ఖర్చు తీసేసిన మొత్తమే మీ ధర. యజమాని ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. "మీకంటే ముందు ముగ్గురు అడిగారు" అంటారు. ఆ ముగ్గురూ ఎందుకు కొనలేదో అడగండి.

12. రిజిస్ట్రేషనుకు ముందు మరోసారి

ఒప్పందం రాసుకునేటప్పుడు, రిజిస్ట్రేషను దాకా గోడలకు, శ్లాబుకు కొత్త రంగు వేయకూడదని ఒక వాక్యం రాయించండి. మొదటిసారి తీసిన ఫోటోలు వెంట పట్టుకుని అదే గదుల్లో, అదే చోట నిలబడి మళ్లీ తీయండి. మీ పెన్సిలు గీతను మచ్చ దాటిందా, విరిచిన చెద గొట్టం అతికిందా, పగులు చివర పెట్టిన గుర్తు కంటే ముందుకు సాగిందా చూడండి. ఈ మధ్యలో ఒక్క వాన కూడా పడకపోయి ఉంటే, తేదీ రెండు వారాలు జరపమని అడగడంలో తప్పులేదు.